కొరతను అచ్చువేసినవాళ్లు

1960లో న్యూయార్క్‌లోని టాప్స్ బబుల్‌గమ్ కంపెనీకి గోదాములో చోటు చాల్లేదు. ఎనిమిదేళ్లుగా ఓ మూలన పడి ఉన్న డబ్బాల్లో 1952 నాటి బేస్‌బాల్ కార్డులున్నాయి. ఆ ఏడాది చివరి విడత కార్డులు సీజన్ ముగిసే వేళకు గానీ బజారుకు రాలేదు. అప్పటికి పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదికి పోయింది. కారుచౌకగా ఇస్తామన్నా కొన్నవాడు లేడు. ఆ కార్డులకు రూపం దిద్దిన సై బెర్గర్ తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, మూడు చెత్తలారీల సరుకును బార్జి మీదికెక్కించి న్యూజెర్సీ తీరానికి దూరంగా అట్లాంటిక్‌లో కలిపేశారు. తానే దగ్గరుండి ఆ పని చేయించానని కూడా ఆయన చెప్పుకున్నాడు. నీళ్లపాలైన వాటిలో మికీ మాంటిల్ బొమ్మ ఉన్న 311వ నంబరు కార్డులూ ఉన్నాయి. 2022 ఆగస్టులో అదే కార్డు ఒక్కటి వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది.

నీళ్లపాలు కాకుండా మిగిలినందుకే దానికంత ధర. బెర్గర్ ఆ రోజు తెలియకుండానే కొరతను తయారుచేశాడు. తెలిసి తయారుచేసినవాళ్లు తర్వాత వచ్చారు.

అంతదాకా ఇలాంటి కార్డు కొసరు సరుకే. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో అలెన్ అండ్ గింటర్, ఇంగ్లండులో విల్స్ వంటి సిగరెట్ కంపెనీలు మెత్తటి ప్యాకెట్టు నలిగిపోకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవి. ఉత్త అట్ట ఎందుకని దాని మీద నటీమణులు, పిట్టలు, జెండాలు, ఆటగాళ్ల బొమ్మలు అచ్చేశాయి. వరుసలో తక్కువైన బొమ్మ కోసం ఇంకో పెట్టె కొనేవాళ్లు తయారయ్యారు. తర్వాత సిగరెట్టు పోయి బబుల్‌గమ్ వచ్చింది, పొగతాగే నాన్న పోయి పిల్లాడు వచ్చాడు. కార్డు మాత్రం కొసరుగానే ఉండిపోయింది. దాంతో చేయగలిగిందీ పెద్దగా లేదు: గోడకేసి విసిరి ఎవరిది దగ్గరగా పడిందో చూసుకోవడం, రెండోసారి వచ్చిన బొమ్మను పక్కవాడితో మార్చుకోవడం.

కొసరే అసలు సరుకు కావడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. దాని వెనక ఒక గణితం మాస్టారూ, బోయింగ్ కంపెనీలో కంప్యూటర్ పని చేసే ఒక ఉద్యోగీ ఉన్నారు. వాళ్లిద్దరి కంటే ముందు ఒక చిన్నకథ ఉంది.

లారీ నివెన్ ప్రధానంగా సైన్స్ ఫిక్షన్ రచయిత. గ్రహాలూ కక్ష్యలూ భౌతికశాస్త్రపు లెక్కలూ ఆయనకు కొట్టినపిండి. 1969 ఏప్రిల్‌లో ‘ది మ్యాగజీన్ ఆఫ్ ఫాంటసీ అండ్ సైన్స్ ఫిక్షన్’ అనే పత్రికలో ఆయన కథ ‘నాట్ లాంగ్ బిఫోర్ ది ఎండ్’ అచ్చయింది. కండలు తిరిగిన వీరుడు మంత్రపుకత్తి పట్టుకుని మాంత్రికుడి మీదికి వస్తాడు. ఇలాంటి కథల్లో మామూలుగా వీరుడిదే గెలుపు. నివెన్ మాత్రం మాంత్రికుడి పక్కన నిలబడ్డాడు. ఆ మాంత్రికుడికి రెండువందల ఏళ్లు, చూడ్డానికి మాత్రం కుర్రాడు. ఒకే చోట చాలాకాలం ఉంటే తన మంత్రాలు పారడం లేదని, ఊరు మారితే మళ్లీ పారుతున్నాయని అతను కనిపెడతాడు. ఎందుకో తేల్చుకోవాలని ఒక లోహపు చక్రాన్ని గాలిలో తిప్పి చూస్తాడు. ఒక మంత్రం దాన్ని అంతకంతకూ వేగంగా తిప్పుతూ పోతుంది, ఇంకొకటి అది ముక్కలు కాకుండా పట్టి ఉంచుతుంది. అలా తిరిగి తిరిగి, చుట్టుపక్కల నేలలోని శక్తినంతా తాగేసి, చక్రం ఆగిపోతుంది. ఆ తర్వాత అక్కడ ఏ మంత్రమూ పనిచేయదు. వీరుడు మీదికొచ్చిన రోజు మాంత్రికుడు ప్రయోగించేది ఆ చక్రాన్నే. మంత్రపుకత్తి మహిమ పోతుంది. దాంతో పాటే అతని యవ్వనమూ పోయి, రెండువందల ఏళ్ల ముసలితనం ఒక్కసారిగా మీద పడుతుంది.

మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో చిలుకలో దాగి ఉంటుంది కాబట్టి అతన్ని చంపడం కష్టం. అయితే అతని మంత్రశక్తికి తరుగంటూ లేదు. నివెన్ చేసిందల్లా ఆ తరుగును లెక్కలోకి తేవడమే. భౌతికశాస్త్రం తెలిసినవాడు మంత్రాల జోలికొస్తే ఇలాగే ఉంటుంది: ఇంధనం ఎంతుంది, ఎన్నాళ్లొస్తుంది అని అడుగుతాడు. పసిఫిక్ దీవుల ప్రజల నమ్మకాల్లోని ‘మానా’ అనే శక్తి గురించి 1891లో రాబర్ట్ కాడ్రింగ్టన్ రాసిన పుస్తకం ద్వారా ఇంగ్లీషు చదువరులకు తెలుసు. దాన్ని తవ్వుకునేకొద్దీ ఖాళీ అయ్యే గనిగా చూపించింది నివెన్. 1978లో ఇదే ఊహను ‘ది మ్యాజిక్ గోస్ అవే’ పేరుతో పెంచి పుస్తకంగా వేశారు. చమురు కోసం పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరిన దశాబ్దం అది. చదివినవాళ్లకు మానా అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

మంత్రానికి ఖర్చు కట్టిన మొదటివాడు నివెనే అనడానికి లేదు. 1950లో జాక్ వాన్స్ రాసిన ‘ది డయింగ్ ఎర్త్’ కథల్లో మాంత్రికుడు మంత్రాన్ని కంఠతా పట్టాలి. ఒకసారి ప్రయోగిస్తే అది బుర్రలోంచి చెరిగిపోతుంది, మళ్లీ పుస్తకం తీయాల్సిందే. 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట ఈ పద్ధతినే తీసుకుంది. అమెరికాలో ఒక తరం మొత్తం ఆ ఆటతో పెరిగింది. ఆ తరంలోనివాడే రిచర్డ్ గార్ఫీల్డ్.

1963లో పుట్టిన గార్ఫీల్డ్ తండ్రి ఆర్కిటెక్టు. ఆయన ఉద్యోగరీత్యా ఆ కుటుంబం కొన్నాళ్లు బంగ్లాదేశ్‌లో, నేపాల్‌లో ఉండి, చివరికి ఓరెగాన్‌లో స్థిరపడింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాంబినటోరిక్స్ అనే గణితశాఖలో పరిశోధన చేస్తూనే గార్ఫీల్డ్ ఆటలు కడుతుండేవాడు. 1991లో ‘రోబోర్యాలీ’ అనే బోర్డు ఆటను పట్టుకుని పీటర్ ఆడ్కిసన్ దగ్గరికి వెళ్లాడు. ఆడ్కిసన్ బోయింగ్‌లో పనిచేస్తూ, సియాటెల్ దగ్గర తన ఇంటి కింది అంతస్తులో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. బోర్డులూ బొమ్మలూ చేయించే స్తోమతు తనకు లేదని, ఆటల అభిమానుల సమావేశాల్లో రెండు కార్యక్రమాల మధ్య ఖాళీలో ఆడుకునేలా చేతిలో పట్టేది, చవకలో అయ్యేది ఏదైనా చేసి తెమ్మని అన్నాడు. ఓరెగాన్‌లోని మల్ట్‌నోమా జలపాతం దగ్గర ఉండగా గార్ఫీల్డ్‌కు దారి తట్టింది: ఆటగాళ్లందరికీ ఒకే పేక ఎందుకుండాలి? ఎవరి కట్ట వాళ్లే పేర్చుకుని వస్తే?

అలా పుట్టింది ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’. ముందు అనుకున్న పేర్లలో ‘మానా క్లాష్’ ఒకటి. పేరు మారినా ఆటకు ఇరుసు మాత్రం మానాయే. మైదానం, ద్వీపం, బురదనేల, పర్వతం, అడవి అని ఐదు రకాల నేల కార్డులుంటాయి, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఒక్కో వంతుకు ఒక్క నేల మాత్రమే దించాలి. దించిన నేలను అడ్డం తిప్పితే ఒక మానా వస్తుంది. దాంతో మంత్రం వేయవచ్చు, జంతువును పిలవవచ్చు. ఇరవై ప్రాణాలతో మొదలైన ఎదుటివాణ్ని సున్నాకు దించడం లక్ష్యం. చూడ్డానికి చిన్న నియమంలా ఉంటుంది గానీ, ఆట నడకంతా దీని మీదే ఉంది. మొదటి వంతులో ఒక మానా, రెండో వంతులో రెండు, మూడో వంతులో మూడు. చేతిలో ఎంత గొప్ప ముక్క ఉన్నా నేల ఒప్పుకునేదాకా అది ఊరికే చేతిలో ఉండాల్సిందే. ‘బ్లాక్ లోటస్’ అనే కార్డు అంత పేరు తెచ్చుకోవడానికి కారణం కూడా ఇదే. దాన్ని దించడానికి ఖర్చు సున్నా. దాన్ని వదులుకుంటే ఒకేసారి మూడు మానాలు. అందరూ మెట్టు మెట్టుగా ఎక్కుతుంటే ఒకడు గోడ దూకినట్టు.

ఆ మొదటి ముద్రణలోనే ‘నెవినిరల్స్ డిస్క్’ అనే కార్డు ఉంది. మార్క్ టెడిన్ వేసిన బొమ్మ. నాలుగు మానాలు పెట్టి దించాలి, దించిన వెంటనే వాడటానికి లేదు, ఒక వంతు ఆగాలి. ఆ తర్వాత ఒక మానా ఖర్చుపెడితే బల్ల మీదున్న జంతువులు, మంత్రవస్తువులు, మంత్రబంధాలు అన్నీ, ఇద్దరివీ, తుడిచిపెట్టుకుపోతాయి. నేలలు మాత్రం మిగులుతాయి. ‘లారీ నివెన్’ అన్న ఇంగ్లీషు అక్షరాలను చివరి నుంచి మొదటికి చదివితే నెవినిరల్. అప్పు ఎవరిదో దాచిపెట్టకుండా చెప్పిన తీరు ఇది. 2020లో వచ్చిన ‘కమాండర్ లెజెండ్స్’ కార్డుల్లో ఆ తిరగేసిన పేరుకు ఒక మనిషి రూపం కూడా వచ్చింది, అదీ చచ్చి లేచిన మాంత్రికుడిగా.

కార్డులు బెల్జియంలోని టర్న్‌హౌట్‌లో, కార్టా ముండి అచ్చుశాలలో అచ్చయ్యాయి. పేకముక్కలకు 19వ శతాబ్దం నుంచీ పేరున్న ఊరు అది. 1993 ఆగస్టులో అమ్మకానికి వచ్చిన మొదటి విడతలో 295 రకాలు, మొత్తం 26 లక్షల కార్డులు. అచ్చు పలకకు 11 వరుసలు, వరుసకు 11 ముక్కలు. ఏ ముక్క మామూలుదో, ఏది అరుదో ముందే నిర్ణయించి వేర్వేరు పలకల మీద వేశారు. 15 కార్డుల ప్యాకెట్టులో 11 మామూలివి, 3 కాస్త తక్కువగా దొరికేవి, 1 అరుదైనది. ఇందులో గార్ఫీల్డ్ ఒక కొంటెపని చేశాడు: అరుదైనవాటి పలకలో మామూలు ద్వీపం కార్డులు కొన్ని కలిపాడు. డబ్బు పెట్టి ప్యాకెట్టు చించినవాడికి అరుదైన ముక్క ఉండాల్సిన చోట ఉత్త ద్వీపం కనిపిస్తే ఆ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోవలసిందే. మరో సంగతి, మొదటి నియమాల్లో పందెం కూడా ఉంది. ఆటకు ముందు ఇద్దరూ కట్ట మీంచి ఒక ముక్క పక్కన పెట్టాలి, గెలిచినవాడు రెండూ తీసుకుపోవాలి. కార్డులు చేతులు మారుతూ ఉండాలన్నది ఉద్దేశం. జనానికి అది నచ్చలేదు. వదులుకోవాల్సిన ముక్క మార్కెట్లో ఎంత పలుకుతుందో తెలిశాక పందెం ఎవరు కాస్తారు? కొన్నాళ్లకే ఆ నియమం మూలన పడింది.

గార్ఫీల్డ్ లెక్క ఒక్కచోట తప్పింది. జనం బోర్డు ఆటకు పెట్టినంతే దీనికీ పెడతారని, ఓ స్నేహబృందంలో బలమైన కార్డులు ఒకటో రెండో ఉంటాయని, వాటి గురించి వదంతులుగా వినడమే తప్ప అందరూ చూడరని ఆయన అనుకున్నాడు. జనం పెట్టెలకు పెట్టెలు కొన్నారు. ఏడాదికి సరిపోతుందనుకున్న సరుకు వారాల్లో ఖాళీ అయింది.

అదే ఏడాది డిసెంబరులో తొలి అనుబంధ కట్ట ‘అరేబియన్ నైట్స్’ వచ్చింది. నీల్ గెయిమన్ ‘శాండ్‌మ్యాన్’ బొమ్మలకథల్లో బాగ్దాద్ నేపథ్యంగా సాగే సంచిక దానికి ప్రేరణ. అందులోని ‘షహ్రజాద్’ అనే కార్డు ఇప్పటికీ ఆటల చరిత్రలో ఒక వింత. దాన్ని ప్రయోగిస్తే నడుస్తున్న ఆట అక్కడే ఆగుతుంది. మిగిలిన ముక్కలతో లోపల ఇంకో ఆట మొదలవుతుంది. లోపలి ఆట ఓడినవాడికి బయటి ఆటలో సగం ప్రాణాలు పోతాయి. లోపలి ఆటలో మళ్లీ ఇంకో షహ్రజాద్ పడితే? ఇంకా లోపలికి. కథలో కథ, ఆ కథలో మరో కథగా మధిర సుబ్బన్న దీక్షితులు నడిపిన కాశీమజిలీలు చదివినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు గానీ, చదివించడానికి బదులు ఆడించడం కొత్త. గంటల తరబడి తెమలని ఆటలతో పోటీల నిర్వాహకులు విసిగి దాన్ని నిషేధించారు. నిషేధించినా అంత అందమైన కార్డు ఇంకోటి రాలేదనే చెప్పాలి.

కథను ముక్కల్లోకి దించడం ఆసియాలో పాత విద్యే. గుండ్రటి గంజిఫా ముక్కల మీద దశావతారాలు వేసే సంప్రదాయం మనదేశంలో శతాబ్దాల నాటిది, ఒక్కో అవతారానికి పన్నెండేసి చొప్పున 120 ముక్కలు. నిర్మల్ నకాషీ చిత్రకారుల చేతుల్లోనూ గంజిఫా ముక్కలు రూపుదిద్దుకున్నాయి. పగలు ఆడితే రాముడి ముక్కలది ముందు వంతు, రాత్రి ఆడితే కృష్ణుడివి. అయితే ఆ కట్ట కొన్నవాడికి 120 ముక్కలూ దక్కేవి. మత్స్యావతారం దొరకలేదని ఇంకో కట్ట కొనేపని లేదు. గార్ఫీల్డ్ కనిపెట్టిన ఆటను వ్యాపారంగా నిలబెట్టింది సరిగ్గా ఆ దొరకనితనమే.

కొరత మీద కట్టిన వ్యాపారం కొరత తీర్చబోతే ఏమవుతుందో 1995లో తేలింది. పాత కట్టల్లోని కార్డులు కొత్తవాళ్లకు అందడం లేదని కంపెనీ వాటిలో చాలావాటిని ‘క్రానికల్స్’ పేరుతో తెల్ల అంచుతో మళ్లీ అచ్చేసింది. ఆడేవాళ్లు సంతోషించారు. దాచుకున్నవాళ్లు మండిపడ్డారు. 1996లో కంపెనీ ఒక జాబితా ప్రకటించి, ఇందులోని కార్డులు ఇక ఎన్నటికీ అచ్చువేయబోమని మాటిచ్చింది. బ్లాక్ లోటస్ ఆ జాబితాలో ఉంది. నివెన్ చక్రం లేదు, అందుకే అది ఎన్నోసార్లు అచ్చయి చవకగా దొరుకుతుంది. కథలో శక్తినంతా మింగేసిన వస్తువు వ్యాపారంలో ఎవరికీ కొరత కాకపోవడం తమాషా.

బలమైన కార్డులు ఇలా అరుదైతే డబ్బున్నవాడిదే గెలుపు అనే చిక్కుకు ఆటగాళ్ల దగ్గర ఒక చక్కటి విరుగుడు ఉంది: డ్రాఫ్ట్. ఎనిమిదిమంది బల్ల చుట్టూ కూర్చుంటారు. మనిషికి మూడు సీలు ప్యాకెట్లు. మొదటిది చించి, ఒక్క ముక్క ఎంచుకుని, మిగతావి ఎడమ పక్కవాడికి ఇవ్వాలి. కుడి పక్కవాడు ఇచ్చినవాటిలోంచి మళ్లీ ఒకటి. రెండో ప్యాకెట్టు ఎదురు దిశలో తిరుగుతుంది. ఇలా పోగైన ముక్కలతో నలభై కార్డుల కట్ట పేర్చుకుని ఆడాలి. ఇంటి దగ్గర బీరువాలో ఏముందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. నేర్పంతా ఎంపికలో ఉంది. కొత్తవాడు బొమ్మ పెద్దగా ఉన్న రాక్షసిని తీసుకుంటాడు. ఆరితేరినవాడు ఆ రాక్షసిని చంపే మూడు మానాల మంత్రాన్ని తీసుకుంటాడు. ఐదో చేతి దాకా మంచి ఎర్ర ముక్కలు వస్తూనే ఉన్నాయంటే కుడి పక్కనున్నవాళ్లెవరూ ఎరుపు కట్టడం లేదని అర్థం. మాట్లాడకుండా పక్కవాడి మనసు చదవడం అది. ఈ ఆటకున్న రూపాలన్నిటిలో గొప్పది డ్రాఫ్టే.

ఇక్కడ కూడా మార్కెట్టు దూరింది. 2015లో లాస్ వెగాస్‌లో జరిగిన గ్రాండ్ ప్రీ పోటీలో కెనడా ఆటగాడు పాస్కల్ మేనార్డ్ చివరి ఎనిమిదిమందిలోకి వచ్చాడు. ఆయన కట్టుకుంటున్నది ఎరుపు, తెలుపు. తెరిచిన ప్యాకెట్టులో పనికొచ్చే ఎర్ర మంత్రం ‘బర్స్ట్ లైట్నింగ్’ ఉంది. దాని పక్కనే, వందల డాలర్లు చేసే మెరుపు పూత ‘టార్మోగోయ్ఫ్’ కూడా ఉంది. అది పచ్చరంగు కార్డు, ఆయన కట్టకు అక్కరకు రానిది. మేనార్డ్ దాన్నే తీసుకున్నాడు. పోటీలో ఉండి జేబు చూసుకుంటావా అని తోటి ఆటగాళ్లలో కొందరు దుమ్మెత్తిపోశారు. ఆ రచ్చతో ముక్కకు పేరొచ్చింది. వేలానికి పెడితే 14,900 డాలర్లు పలికింది. అందులో సగం ఆయన దానధర్మానికి ఇచ్చేశాడు. అదే అచ్చు, అదే బొమ్మ ఉన్న వేరే ముక్క ఏదైనా దాని దరిదాపుల్లోకి కూడా రాదు. ఒక ముక్క వెల కథ వల్ల ఎలా పెరుగుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

జపాన్‌లో కార్డుల దారి వేరే వైపు నుంచి వచ్చింది. 1889లో క్యోటోలో ఫుసాజిరో యమౌచి హనాఫుదా పేకముక్కలు చేసి అమ్మే దుకాణం తెరిచాడు. నెలకో పువ్వు చొప్పున పన్నెండు నెలలకు 48 ముక్కలు. ఆ దుకాణమే నింటెండో. పేక అంటే జూదమన్న పేరు అక్కడా ఉంది. 1959లో మూడో యజమాని హిరోషి యమౌచి డిస్నీతో ఒప్పందం చేసుకుని యానిమేషన్ సినిమాల్లోని బొమ్మలను ముక్కల మీద అచ్చేశాడు. ఏడాదిలో 6 లక్షల కట్టలు అమ్ముడయ్యాయి. జూదగాడి చేతిలోని ముక్క పిల్లల గదిలోకి వెళ్లింది, సినిమా చెయ్యి పట్టుకుని.

1996 ఫిబ్రవరిలో నింటెండో గేమ్‌బాయ్ కోసం పోకెమాన్ ఆట రెడ్, గ్రీన్ అని రెండు రకాలుగా వచ్చింది. ఒకదానిలో దొరికే జంతువులు కొన్ని ఇంకోదానిలో దొరకవు, కాబట్టి స్నేహితుడితో వైరు కలిపి మార్చుకోక తప్పదు. ప్రోగ్రామర్ షిగెకి మోరిమోటో చివరి నిమిషంలో మిగిలిన కొద్దిపాటి జాగాలో 151వ జంతువు మ్యూను దాచిపెట్టాడు. దాని ఉనికి బయటపడ్డాక ఓ పిల్లల పత్రిక 20 మందికి మ్యూ ఇస్తామని ప్రకటిస్తే 78,000 దరఖాస్తులు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో పోకెమాన్ కార్డుల ఆట కూడా వచ్చింది. దాని వెనకున్న త్సునెకాజు ఇషిహారా మ్యాజిక్ ఆట అభిమాని. 1999 జనవరిలో ఆ కార్డులను అమెరికాలో అమ్మే పని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్‌కే దక్కింది. అదే ఏడాది సెప్టెంబరులో హాస్బ్రో ఆ కంపెనీని సుమారు 32.5 కోట్ల డాలర్లకు కొనేసింది.

ఈ చరిత్రలో అన్నిటికంటే వింతైన ఘట్టం 1999 నవంబరు 10న అమెరికా థియేటర్లలో నడిచింది. జపాన్‌లో 1998 జులైలో విడుదలైన కునిహికో యుయామా యానిమేషన్ చిత్రం ఇంగ్లీషులో ‘పోకెమాన్: ది ఫస్ట్ మూవీ’గా వచ్చింది. బుధవారం విడుదల. బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లలు బారులు తీరారు. విమర్శకులు చీల్చి చెండాడారు. అమెరికాలోనే 8.5 కోట్ల డాలర్లు వసూలయ్యాయి.

సినిమా కథ నకలు గురించి. మ్యూ అవశేషం నుంచి శాస్త్రవేత్తలు తయారుచేసిన ప్రతిరూపం మ్యూటూ. కళ్లు తెరవగానే అది అడిగేది తానెవరని, తనను పుట్టించమని ఎవరడిగారని. జవాబు దొరక్క ఒక దీవిలో కోట కట్టుకుని, వచ్చినవాళ్ల జంతువులన్నిటికీ నకళ్లు తయారుచేస్తుంది. ఆఖరికి అసలులూ నకళ్లూ తలపడతాయి. ఇంగ్లీషు అనువాదం ఇక్కడ సినిమాకు అన్యాయం చేసింది. జపనీస్‌లో తన పుట్టుక గురించి మథనపడే పాత్రను ఇంగ్లీషులో లోకాన్ని నాశనం చేయబోయే విలన్‌గా కుదించారు. కొట్లాట తప్పని నీతి కూడా అతికించారు, జంతువుల కొట్లాటే బతుకుతెరువైన ఆటకు అది బొత్తిగా అతకని నీతి. ఎంత పాడుచేసినా రెండు దృశ్యాలు మాత్రం నిలిచాయి. నకలు పికాచూ చెంపల మీద కొడుతుంటే అసలు పికాచూ చెయ్యి ఎత్తదు, కొట్టీ కొట్టీ నకలే అలిసిపోతుంది. ఇంకోచోట రెండు మియావ్‌త్‌లు, అసలుదీ నకలుదీ, కాట్లాడుకునే పని మానేసి చంద్రుణ్ని చూస్తూ కూర్చుంటాయి. విమర్శకులు ఈ రెండు నిమిషాలను పట్టించుకోలేదు. 2000ల తొలినాళ్లలో కార్టూన్ నెట్‌వర్క్ చూస్తూ, చిప్స్ ప్యాకెట్లలో టాజోలు ఏరుకుంటూ పెరిగిన మన పిల్లల్లో ఆ పికాచూ చెంపదెబ్బలు మరిచిపోయినవాళ్లు తక్కువ.

అయితే ఆ థియేటర్ల గుమ్మం దగ్గర జరిగిందేమిటి? టిక్కెట్టు కొన్నవాళ్లకు ఒక కార్డు ఊరికే ఇచ్చారు. మ్యూటూ, పికాచూ, ఎలక్టబజ్, డ్రాగనైట్: నాలుగింటిలో ఒకటి. నకలు కూడా అసలుతో సమానమే అని లోపల తెర మీద చెబుతూ, బయట లక్షల్లో అచ్చేసిన అట్టముక్కలు పంచారు. అదే పిల్లలు ఇంటికెళ్లి, తమ పాత కార్డుల మీద ‘మొదటి ముద్రణ’ అన్న గుర్తు ఉందో లేదో వెతుక్కున్నారు. ఆ గుర్తున్న చారిజార్డ్ కార్డు, చెక్కుచెదరని స్థితిలో ఉన్నది, 2022 మార్చిలో 4,20,000 డాలర్లకు అమ్ముడైంది. గుర్తు లేని కార్డు మీదా అదే మిత్సుహిరో అరితా వేసిన బొమ్మ ఉంటుంది, నిప్పు కూడా అంతే కక్కుతుంది. రెండో సినిమాకు జపాన్‌లో పంచిన మ్యూ కార్డుల్లో కొన్నింటి మీద నింటెండో పేరులోనే ఒక అక్షరం ఎగిరిపోయింది. తప్పచ్చు పడినవాటికే గిరాకీ ఎక్కువ.

ఇంతలో కథలూ కార్డులూ స్థానాలు మార్చుకున్నాయి. కజుకి తకహాషి 1996లో మొదలుపెట్టిన ‘యుగియో’ బొమ్మలకథలో ఒకచోట ‘మ్యాజిక్ అండ్ విజార్డ్స్’ అనే కార్డుల ఆట వస్తుంది. పేరు చూస్తేనే ఎవరి నకలో తెలుస్తుంది. ఒకటి రెండు భాగాల్లో ముగిసిపోవాల్సిన ముచ్చట అది. పాఠకులు ఆ ఆట గురించే ఉత్తరాలు రాయడంతో కథే దాని చుట్టూ తిరిగింది. 1999లో కొనామి దాన్ని నిజం ఆటగా అచ్చేసింది. పదేళ్లకు గిన్నిస్ వాళ్లు లెక్కపెడితే 2,200 కోట్లకు పైగా కార్డులు అమ్ముడైనట్టు తేలింది. కథలో ఉన్న నకలు ఆట నిజమై, అది నకలు కొట్టిన అసలు ఆటకే పోటీగా నిలబడింది.

2022 నవంబరు 28న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ మ్యాజిక్ ఆట ముప్ఫయ్యో పుట్టినరోజు పేరు మీద ఒక పెట్టె అమ్మకానికి పెట్టింది. అందులో నాలుగు ప్యాకెట్లు, మొత్తం 60 కార్డులు, వెల 999 డాలర్లు. ఎన్నటికీ అచ్చువేయమన్న బ్లాక్ లోటస్ కూడా అందులో రావచ్చు, అదృష్టం ఉంటే. మాట తప్పలేదని చెప్పుకోవడానికి కార్డుల వెనకవైపు బొమ్మ మార్చారు. పోటీల్లో ఆడటానికి అవి చెల్లవు. అసలు కంపెనీయే, అసలు బొమ్మలతో, పూర్తి ధరకు అమ్మిన నకళ్లు అవి. అభిమానులు తిట్టిపోశారు. అమ్మకం మొదలైన గంటలోపే ముగిసిందని కంపెనీ ప్రకటించింది. ఎన్ని పెట్టెలు పోయాయో మాత్రం ఆ ప్రకటనలో లేదు.